కార్లకు పరిచిన గొంగడి

కాగితం మీద నాది ఊడ్చే పని. ఊడ్చే పనికి కుదిరినదాన్ని కార్లకు బాట వేసేదాకా ఎట్లా వచ్చానో రాయమని, మా కాలనీలో సాయంత్రాలు పిల్లలకు చదువు చెప్పే టీచరమ్మ అడిగింది. రేపో మాపో పనుల్లో చేరబోయే పిల్లలు చదువుతారట. నేను చదివింది మూడో తరగతి. అక్షరాలు తాను దిద్దుతానన్నది. అందుకని ఇందులో అక్షరాల తప్పులుంటే ఆమెవి, పనిలో చేసిన తప్పులు మాత్రం నావే.

తెలంగాణ వచ్చిన మూడు నాలుగేండ్లకు పాలమూరులో ఒక అమ్మాయి పాత పెండ్లి హాలు కిరాయికి తీసుకుని కార్ల ఆట పెట్టింది. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేసి వచ్చిన పిల్ల. ముప్పై ఏండ్లు కూడా నిండలేదు. నేను అంతకుముందు ఒక హాస్టల్‌లో గిన్నెలు తోమేదాన్ని. అక్కడ మెట్లెక్కలేక మోకాళ్లు మొరాయిస్తే ఈ హాలులో చేరాను. మెట్లు లేవు, అదొక్కటే నేను చూసుకున్నది. లోపల ఏం ఆట ఆడతారో అడగను కూడా లేదు.

ఆ ఆట ఏమిటో ముందు చెప్పాలి, లేకుంటే మిగతాది మీకు అంతుపట్టదు. హాలుకు నడుమ గోడ పెట్టి రెండు గదులు చేశారు. లోపలి గదిలో నేల మీద వంకరలు తిరిగిన బాట. దాని మీద ఆరు కార్లు, ఒక్కోటి నా చెప్పంత. ప్రతి కారు నుదుటి మీద చొక్కా గుండీ అంత కెమెరా. బయటి గదిలో ఆరు కుర్చీలు, ప్రతి కుర్చీకి స్టీరింగు, కాళ్ల కింద బ్రేకు, ఎదురుగా టీవీ. కుర్చీలో కూర్చుని స్టీరింగు తిప్పితే గోడ అవతల నిజం కారు తిరుగుతుంది. దాని కెమెరా చూసిందే టీవీలో కనబడుతుంది. అంతవరకైతే జాతరలో అమ్మే బొమ్మకారు కంటే గొప్పేమీ కాదు. కానీ కంప్యూటరు ఆ టీవీలో తన బొమ్మలు కలిపేది. బాట పక్కన మంటలు లేచేవి, ఎదురుగా లారీ వచ్చేది, గాలిలో బంగారు నాణేలు తేలేవి. నేల మీద అక్కడక్కడ తెల్ల పట్టీలుండేవి. కెమెరాకు పట్టీ కనబడితే చుట్టు పూర్తయినట్టు, ఇంకో రకం పట్టీ కనబడితే కారుకు రెండు క్షణాలు ఎక్కువ ఉరుకు. కారు గోడకు గుద్దితే అవతల కుర్చీ అదిరేది.

బోల్తా పడిన కారును లేపేది నేను. ఉత్త వీడియో గేములో అయితే కారు దానంతటదే లేస్తుందట. ఇక్కడ నేను చీపురు పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని వంగి, దాన్ని నిలబెట్టాలి. అప్పుడు టీవీలో మంటల నడుమ నుంచి కొండంత చెయ్యి, గాజులతో సహా వచ్చేది. పిల్లలకు అది భలే నచ్చింది. నా చెయ్యి చూడడానికి కావాలని గోడకు గుద్దడం మొదలుపెట్టారు. నాలుగు రోజులు ఓర్చుకున్నాను. అయిదో రోజు గోడ దాటి వచ్చి, మూడో కుర్చీలో ఉన్న కాలేజీ పిల్లగాడి చెవి పట్టుకున్నాను. నాలుగుసార్లు బోల్తా కొడితే కుర్చీ దిగాలని ఆ రోజు నుంచి కట్టడి పెట్టాను. కట్టడి పెట్టే అధికారం నాకెవరూ ఇవ్వలేదు. ఓనరమ్మ ఆ మాట గోడకు రాసి అంటించింది.

మాతో పాటు ఇంకొకరు పనిచేసేవారు. రేడియోలు, మిక్సీలు బాగుచేస్తూ యాభై ఏండ్లు దాటిన మెకానిక్. నన్ను అక్కా అనేవాడు. కార్లతో కూడా మాట్లాడేవాడు, నాతో కంటే మర్యాదగా. నాకూ ఆయనకూ రోజూ లైట్ల దగ్గర కొట్లాటే. ఆయన వేసిన లైటు నేను ఆర్పేదాన్ని, నేను ఆర్పిన లైటు ఆయన వేసేవాడు. కార్ల టైర్లు అరిగితే పాత సైకిలు ట్యూబు ఉంగరాల్లాగా కోసి తొడగమన్నాను. వారం రోజులు నవ్వి, ఎనిమిదో రోజు తొడిగాడు.

మా అసలు తంటా నేలతో వచ్చింది. పెండ్లి హాలు నేల నున్నటి బండలు. మలుపులో కారు జారి గోడకు పోయేది. పైగా లైటు వెలుగు నేల మీద మెరిసి, కెమెరాకు అదీ తెల్ల పట్టీలాగే కనబడేది. ఆడేవాడు ఒక చుట్టు తిరిగితే కంప్యూటరు ఏడు చుట్లు లెక్కగట్టేది. ఓనరమ్మ పచ్చగడ్డి లాంటి తివాచీ తెచ్చింది, చక్రాలు దానిలో కూరుకుపోయాయి. రబ్బరు షీటు తెప్పించింది, ఎండలకు అది అంచులు లేచి అప్పడంలాగా ముడుచుకున్నది.

ఒక మధ్యాహ్నం ఆట లేని వేళ, లోపలి గదిలో ఒక మూల నా నల్ల గొంగడి పరుచుకుని నడుము వాల్చాను. మాది గొర్లు కాసే ఇల్లు. ఊరి నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్నది ఆ గొంగడే. మెకానిక్ ఒక కారు నడిపి చూస్తున్నాడు. అది అదుపు తప్పి నా వైపే వచ్చింది. గొంగడి ఎక్కింది, నా తల చుట్టూ గిర్రున మలుపు తిరిగింది, జారకుండా దిగిపోయింది. తిట్టడానికి లేచి కూర్చున్నాను. ఆయన మళ్లీ తోలాడు. మళ్లీ అంతే. నల్లటి ఉన్ని మీద వెలుగు మెరవదు కదా, టీవీలో బాట గీత గీసినట్టు కనబడిందట. పరుగున వచ్చిన ఓనరమ్మ నన్ను లేవమని కూడా అనకుండా, నేను కూర్చున్న గొంగడిని చేత్తో తడిమి చూసింది.

గొంగళ్లు ఇంకా కావాలి. కానీ మా ఇండ్లలో గొంగడి అంటే ఉత్త దుప్పటి కాదు. దేవుడి కొలుపుల్లో పరుస్తాం. పంచాయితీలో పెద్దమనుషులను దాని మీద కూర్చోబెడతాం, దాని మీద ప్రమాణాలు చేయిస్తాం. దాన్ని ఆటకార్ల కింద వేస్తానంటే ఇంట్లోవాళ్లు ఏమంటారో అని నాకు బెరుకు. కోస్గి దగ్గర మా ఊరు. అక్కడ మా ఆయన అన్న, మా బావ, ఇంకా మగ్గం మీద కూర్చుంటాడు. మా గొంగళ్లన్నీ ఆయన నేసినవే. పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. చుట్ట ముట్టించాడు.

"గొర్లు తొక్కినయి, దేవుడు కూసున్నడు. ఇగ కార్లు ఉరుకుతె ఏమైతది," అన్నాడు. "మాసిపోనియ్యకు, గంతే."

అయిదు గొంగళ్లు తెచ్చాం. అతుకులు నేను దబ్బనంతో కుట్టాను. కాగితం పట్టీలు ఉన్నికి అంటుకోకపోతే మా ఆయన పాత తెల్ల ధోతి చించి, పట్టీలు చేసి కుట్టాను. రెండు నెలలు ఆట ఎంత బాగా నడిచిందంటే, మెకానిక్ కార్లతో మాట్లాడడం మాని కస్టమర్లతో మాట్లాడడం మొదలుపెట్టాడు.

అప్పుడు హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది. అక్కడొక పెద్ద మాల్‌లో ఆటలకని ఒక అంతస్తు ఖాళీగా ఉన్నదట. వాళ్లు శనివారం వచ్చి మా ఆట చూస్తారట. నచ్చితే ఆ అంతస్తులో ఓనరమ్మే ఈ ఆట పెట్టాలి, పాలమూరు హాలు కూడా నడుస్తుంది. నచ్చకపోతే అంతే సంగతులు. ఆ పిల్లకు ఇంట్లోవాళ్లు ఒక్క ఏడాది గడువిచ్చారు. అది ఆ నెలతో ముగుస్తుంది. హాలుకు తాళం వేసి ఆమె పాత ఉద్యోగానికి పోవాలి, మెకానిక్ మిక్సీల దగ్గరికి, నేను ఇంటికి. ఈ మాటలు ఆమె మాకు దాచకుండా చెప్పింది. చెప్పకపోయినా బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను, ఎందుకంటే చెప్పడం వల్లనే నా చేతులు ఊరుకోలేదు.

హైదరాబాదు వాళ్లు వస్తున్నారు. గొంగళ్ల నిండా రెండు నెలల దుమ్ము. వానకాలం తేమకు గొర్రె వాసన కూడా లేచింది. ఆదివారం ఆట మూశాక, ఎవరికీ చెప్పకుండా, అయిదు గొంగళ్లనూ వేడినీళ్లలో సబ్బుపొడి వేసి నానబెట్టి, కాళ్లతో తొక్కి తొక్కి ఉతికాను. సోమవారం సెలవు. డాబా మీద ఆరేశాను. మంగళవారం పొద్దున్నే పరిచి చూసుకుంటే ఎంత మెత్తగా, ఎంత శుభ్రంగా ఉన్నాయో. నా అంత పనిమంతురాలు పాలమూరులో లేదనుకున్నాను.

మధ్యాహ్నానికి మూడు కార్లు ఆగిపోయాయి. సాయంత్రానికి నాలుగోది పొగ పెట్టింది. బ్యాటరీలు పాడయ్యాయని ఓనరమ్మ, కరెంటు ఎక్కువ తక్కువ అవుతున్నదని మెకానిక్ అనుకున్నారు. ఆయన ఒక కారును బోర్లించి, మరలు విప్పి, పట్టకారుతో ఏదో లాగాడు. నల్లటి ఉన్ని. లాగుతుంటే వస్తూనే ఉన్నది. చక్రాల ఇరుసులకు చుట్టుకుని, లోపల మోటారు దాకా పోయి, దాన్ని బిగించి కాల్చేసింది.

ఆయన తలెత్తి నన్ను చూశాడు. గొంగళ్ల రంగు తేటపడటం ఆయనకు పొద్దున్నే కనబడిందట. ఓనరమ్మ అవతలి గదిలో ఉన్నది.

"అక్కా, నీ సంగతి నేను జెప్ప," అన్నాడు మెల్లగా. "పాతబడ్డయి, బొచ్చు రాలుతాందని జెప్త."

ఇక్కడ మీరు జర ఆగి చదవండి, పిల్లలూ. పనిలో తప్పు జరిగినప్పుడు పక్కవాడు మంచివాడైతే మీకొక దారి చూపిస్తాడు. ఆ దారిన పోతే ఆ రోజు గడుస్తుంది. కానీ గొంగడి ఎందుకు బొచ్చు రాల్చిందో తెలియకుండా పోతుంది, తెలియకపోతే బాగుచేయడమూ ఉండదు. నేనేదో పెద్ద సత్యవంతురాలినని ఈ మాట అనడం లేదు. ఒక నిమిషం పాటు ఆయన చెప్పిన దారినే పోదామనుకున్నాను. శనివారం గుర్తొచ్చి ఆగాను.

గోడ దాటి పోయి ఓనరమ్మకు చెప్పాను. సబ్బుపొడి సంగతి, వేడినీళ్ల సంగతి కూడా. ఆ పిల్ల అరవలేదు. అరిస్తే నాకు తేలికయ్యేది. "మళ్ల ముందటి లెక్క అయితదా పెద్దమ్మా?" అని అడిగింది. తెలియదన్నాను. తెలిసినవాడు ఊళ్లో ఉన్నాడన్నాను.

బుధవారం తెల్లవారేసరికి మెకానిక్ మోటార్ల కోసం హైదరాబాదు బస్సెక్కాడు, నేను గొంగళ్ల మూటతో కోస్గి బస్సెక్కాను. మా బావ మూట విప్పి, ఒక గొంగడి అంచు వేళ్ల మధ్య నలిపి, ముక్కుకు పెట్టుకున్నాడు.

"సబ్బేసినవా?"

"ఏసిన బావా."

"ఉడుకు నీళ్లా?"

"ఉడుకు నీళ్లే."

"నువ్వు గొర్లోళ్ల కోడలివేనా, లేకుంటే మా తమ్ముడు దోవ తప్పి ఇంకెవరి ఇంట్ల కెళ్లన్న తోల్కొచ్చిండా?"

నలభై ఏండ్ల కాపురం తర్వాత ఆ మాట పడ్డాను. ఆయన అన్నది నిజమే. గొంగడికి బలం ఉన్నిలో సగం, చింతగింజల గంజిలో సగం. నేసే ముందు నూలుకు ఆ గంజి పట్టించేది మా ఇండ్లలో ఆడవాళ్లే. కొత్త కోడలిగా నేను ఎన్ని కుండల గంజి కాచానో. ఆ గంజి పోగును పోగుకు పట్టి ఉంచుతుంది, బొచ్చును అణచిపెడుతుంది, గొంగడిని అట్టలాగా నిలబెడుతుంది. అందుకే మావాళ్లు గొంగడిని ఎండకు వేసి దులుపుతారు తప్ప సబ్బు పెట్టి ఉతకరు. పట్నంలో పదేండ్లు స్టీలు గిన్నెలు తోమీ తోమీ, మెరిస్తేనే శుభ్రం అనే బుద్ధి నాకు పట్టుకున్నది. రెండు నెలలు కార్లు నడిచింది గంజి మీద. నేను దాన్ని కాళ్లతో తొక్కి మోరీలోకి పంపాను.

నేసిన గొంగడికి మళ్లీ గంజి పట్టించడం మా బావ కూడా ఎన్నడూ చేయలేదు. చేసి చూద్దామన్నాడు. వేయించి పొట్టు తీసిన చింతగింజలు ఇంట్లో ఉన్నాయి. నానబోసి, గురువారం పొద్దున నేను రోట్లో రుబ్బి ఉడికించాను. ఆయన వాకిట్లో గొంగళ్లు గుంజలకు బిగించి కట్టి, నేతగాళ్ల పెద్ద కుంచెతో గంజి పట్టించాడు. ఒకే వైపు దువ్వుతూ పోవాలి, ఎదురు దువ్వితే బొచ్చు లేస్తుంది. నేను పక్కన నిలబడి ఇక్కడ తక్కువైంది, అక్కడ ఎక్కువైంది అంటుంటే, కుంచె నా చేతికిచ్చి చుట్ట ముట్టించుకున్నాడు. మంగళవారం రాత్రి నుంచి ముసురు పట్టింది. మా అదృష్టం, గురువారం మధ్యాహ్నం నుంచి ఎండ కాసింది. శుక్రవారం రెండోసారి గంజి. శనివారం తొలి బస్సుకు గొంగళ్లు రేకుల్లాగా చుట్టుకుని బయలుదేరాం. మా బావ కూడా వచ్చాడు. నేను మళ్లీ ఏం చేస్తానో అని నమ్మకం లేదన్నాడు.

మేం పరిచి, అతుకులు కుట్టి, పట్టీలు సరిచూసేసరికి హైదరాబాదు వాళ్లు వచ్చేశారు. ఇద్దరు. అన్నింటికీ తల ఊపే సారు ఒకరు, దేనికీ తల ఊపని మేడం ఒకరు. నిర్ణయం మేడందని చూడగానే తెలిసిపోయింది. మెకానిక్ కొత్త మోటార్లు బిగించిన కార్లను ఒక్కొక్కటే బాట మీద పెడుతున్నాడు. ఈసారి కార్లతో కూడా ఒక్క మాట మాట్లాడలేదు.

మేడం లోపలి గదిలోకి వచ్చి ముక్కు చిట్లించింది.

"ఏంటీ వాసన?"

ఓనరమ్మ నోరు తెరిచింది. కొత్త మెటీరియల్ అనో మరొకటో అనబోయిందని నా అనుమానం.

"గొర్రె వాసనమ్మా," అన్నాను. "ఉన్ని గొంగడి. వాసన పోవాల్నని ఉతికితె నాలుగు కార్లు సచ్చినయి. వాసన ఉండనీయున్రి."

సారు తల ఊపాడు. మేడం ఊపలేదు. బయటి గదిలోకి పోయి ఒకటో కుర్చీలో కూర్చున్నది. సారు రెండో కుర్చీలో. నేను లోపల నా జాగాలో నిలబడి కార్ల చక్రాలే చూస్తున్నాను. మొదటి చుట్టు తిరిగాయి. రెండో చుట్టు. గింజ గంజి పట్టిన గొంగడి మీద అవి పొలం గట్టు మీద మేకపిల్లల్లాగా పోతున్నాయి. పది చుట్లయ్యాక ఒక కారు పట్టుకుని కడుపు చూశాను. వెంట్రుకంత ఉన్ని లేదు.

అవతల మేడం సారు చేతిలో ఓడిపోయింది. మళ్లీ పెట్టమన్నది. మళ్లీ ఓడింది. మూడో ఆటలో మలుపు దగ్గర గుద్ది, సరిగ్గా నాలుగోసారి బోల్తా కొట్టింది. నేను కారును లేపి, గోడ దాటి పోయి, గోడ మీది కాగితం చూపించి కుర్చీ దిగమన్నాను. ఓనరమ్మ ముఖం తెల్లబోయింది. మేడం కాగితం చదివి, లేచి, కుర్చీల వెనకాల వరుస కట్టే చోట చేతులు కట్టుకుని నిలబడింది. తన వంతు ఎప్పుడొస్తుందని నన్నే అడిగింది.

టీలు వచ్చేలోపే సారు మేడంను అడిగి ఓనరమ్మతో మాట్లాడేశాడు. ఆట తీసుకుంటారు. ఆమే వచ్చి పెట్టాలి. కింద మాత్రం ఇదే ఉండాలి, రబ్బరు గిబ్బరు వద్దు. ఈ గొంగళ్లే చుట్టి ఇస్తే నెలాఖరుకు పరిచేస్తామన్నాడు. ఓనరమ్మ నా రెండు చేతులూ పట్టుకున్నది. మెకానిక్ గదిలో ఉన్న లైట్లన్నీ వేశాడు. ఆ ఒక్క రోజు నేను ఆర్పలేదు.

ఆ సంబరంలో ఓనరమ్మ మా బావను కూడా ఒక కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయన తలపాగా సర్దుకుని స్టీరింగు పట్టుకున్నాడు. మిగతా కుర్చీల్లో ఓనరమ్మ, మెకానిక్, సారు, వంతు వచ్చిన మేడం. ఆట మొదలైంది. నాలుగు కార్లు దూసుకుపోయాయి. మా బావది మేత మేస్తున్న గొర్రెలాగా మెల్లగా కదిలి, సగం దూరం పోయి నిలబడిపోయింది. మళ్లీ మోటారు పోయిందనుకున్నాను. వంగి చూస్తే కారు బాగానే ఉన్నది. గోడ దాటి ఆయన దగ్గరికి పోయాను. ముక్కు టీవీకి ఆనించి కూర్చున్నాడు.

"గిదేంది," అన్నాడు, తెర మీద వేలు పెట్టి. "గీడ పోగు తప్పింది సూడు."

నేనూ చూశాను. నేలకు బెత్తెడు ఎత్తున ఉన్న ఆ కెమెరాలో గొంగడి నేత దున్నిన చెలకలాగా, సాలు సాలుగా కనబడుతున్నది. మంటలూ లారీలూ ఆయన కంటికి ఆనడం లేదు. ఒక సాలు దగ్గర నేత దాటు వేసింది. ఆయన జర ముందుకు పోనిచ్చి మళ్లీ ఆపాడు. అక్కడా ఒకటి. మిగతావాళ్లు పది చుట్లు తిరిగేసరికి ఆయన ఒక్క చుట్టు పూర్తి చేసి, తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని లేచాడు. నేరుగా సారు దగ్గరికి పోయాడు.

"అయ్యా, గివి మీకియ్య."

ఓనరమ్మ నా వైపు చూసింది.

"నలభై ఏండ్ల సంది నేస్తున్న. గీ తప్పులు నా కండ్లకు ఎన్నడు ఆనలే. తప్పు నేత పట్నంల పరిస్తె నా ఇజ్జత్ ఏంగావాలె? కొత్తయి నేస్త. రెండు నెలలాగున్రి."

సారు మేడం వైపు చూశాడు. మేడం కుర్చీలోంచి లేవలేదు, తల కూడా తిప్పలేదు. రెండు చేతులతో స్టీరింగు పట్టుకునే ఉన్నది.

"ఆగుదాం," అన్నది. "ముందు ఇంకో ఆట పెట్టించండి."

నేను లోపలికి పోయి, ఆరు కార్లనూ గీత దగ్గర వరుసకు పెట్టాను.